ఇంటెల్ 10 నానోమీటర్ల దగ్గర ఎందుకు చతికిలపడ్డది? ఆ నంబర్ చూసి లాప్‌టాప్ కొనొచ్చా?

మిర్యాలగూడ తమ్ముడు అడిగింది ఇది: "టీఎస్ఎంసీ 2018లనే 7 నానోమీటర్లు చేసింది గదా, ఇంటెల్ 10 కాడనే ఎందుకు ఆగింది? నల్లగొండల సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ చూస్తున్న, షాపాయన 7 ఉన్నదే తీసుకో అంటున్నడు."

తమ్మీ, ఇంటెల్, తైవాన్ టీఎస్ఎంసీ రెండూ కంప్యూటర్ చిప్పులు చేసే కంపెనీలు. ఆ 7, 10 వాళ్ల చిప్పుల తయారీ పద్ధతుల (ప్రాసెస్‌ల) పేర్లే, ఏ భాగాన్నో కొలిచి పెట్టినవి కావు. చిప్పు లోపలి తీగ నడుమ నుంచి పక్క తీగ నడుమకు కొలిస్తే టీఎస్ఎంసీ 7ల 40 నానోమీటర్లు, ఇంటెల్ 10ల 36. అంటే పెద్ద నంబరోనిదే సన్న పని! ఇంటెల్ లెక్కల చదరపు మిల్లీమీటరుకు 10 కోట్ల ట్రాన్సిస్టర్లు (చిన్న స్విచ్చులు). దెబ్బతిన్నది పని మొరటైనందుకు కాదు, పాత మిషన్ల మీద మరీ సన్న పనికి దిగినందుకు.

వెలుగుతో చిప్పు మీద గీతలు అచ్చేసే అప్పటి లితోగ్రఫీ మిషన్ల వెలుగు తరంగం 193 నానోమీటర్లు. లెన్సుకూ వేఫరుకూ (చిప్పులు చేసే సిలికాన్ పలకకూ) నడుమ నీళ్లు పెట్టినా, ఒక్క అచ్చుల గీతల దూరం 80కి అటుఇటు కాడ ఆగిపోతది. 36 కావాలంటే ముందు 144 దూరంతో గీతలు అచ్చేస్తరు. వాటి మీద సన్న పొర పరిచి, పైనుంచి చెక్కేస్తే గీతల పక్కలకు అంటిన పొరే మిగుల్తది. నడుమ గీతను తీసేస్తే ఒకటి రెండైనట్టు, దూరం 72. అదే పని ఇంకోసారి చేస్తే 36.

చెప్పుడు సులువే. పొర మందం రవ్వంత తేడా వచ్చినా ఒక సందు వెడల్పు, పక్క సందు ఇరుకు అయితది. దీన్నే పిచ్ వాకింగ్ అంటరు. పైగా వచ్చేవన్నీ పొడుగు గీతలే. కావాల్సిన కాడల్లా కత్తిరించడానికి మళ్లా వేరే మాస్కులు (అచ్చు పలకలు), ప్రతి మాస్కూ కింది పొర మీద కొద్ది నానోమీటర్ల తేడాలోనే కూర్చోవాలె. పుట్టపాకల తేలియా రుమాలు నేసేటోళ్లకు ఈ తిప్పలు తెలుసు: పడుగుకూ పేకకూ ముందే రంగద్దుతరు, మగ్గం మీద పోగు జరిగితే పువ్వు చెదురుతది.

ఇంతటితో ఆగినా బాగుండు. అడుగు పొరల తీగలకు రాగికి బదులు కోబాల్ట్ పెట్టిన్రు. రాగి చుట్టూ ఉండాల్సిన అడ్డుపొర తీగతో పాటు పలచబడదు, లోపల రాగికి జాగ ఉండదు. గేటుకు (ట్రాన్సిస్టర్‌ను ఆన్, ఆఫ్ చేసే భాగానికి) తగిలే కాంటాక్టును కూడా పక్కన కాకుండా ట్రాన్సిస్టర్ నెత్తి మీదనే దింపిన్రు. తమ పాత 14 ప్రాసెస్‌తో పోలిస్తే 2.7 రెట్ల ట్రాన్సిస్టర్ల సాంద్రత ఒక్క దెబ్బకే కావాల్నన్నరు. అన్ని కొత్తవి ఒక్కసారే పెడితే, చెడిపోయినప్పుడు దేనివల్ల చెడిందో ఎట్ల పట్టుకుంటరు? 2016ల రావాల్సింది 2018 మేల ఐ3-8121యూ ప్రాసెసర్ రూపంల వచ్చింది. రెండే కోర్లు (లెక్కలు చేసే భాగాలు), గ్రాఫిక్స్ ఆపేసి ఉంది. మామూలుగా దొరికింది 2019ల.

టీఎస్ఎంసీ 40 కాడ ఆగింది కాబట్టి తీగలకు ఒకటిని రెండు చేసే పని ఒక్కసారే సరిపోయింది. 13.5 నానోమీటర్ల తరంగమే ఉన్న ఈయూవీ వెలుగును తర్వాత, 2019ల, కొన్ని పొరలకే వాడింది. ఆ మిషన్లు చేసేది ప్రపంచంల ఏఎస్ఎంఎల్ ఒక్కటే. సెకనుకు 50,000 తగరం బొట్లను లేజరుతో కొడితే పుట్టే వెలుగది.

ఇంటెల్‌కు పోటీగ ప్రాసెసర్లు అమ్మే ఏఎండీ తెలివి వేరే. దానికి చిప్పులు చేసిచ్చే గ్లోబల్‌ఫౌండ్రీస్ కంపెనీ 2018 ఆగస్టుల 7ను వదిలేసినంక, కోర్లను 74 చదరపు మిల్లీమీటర్ల చిన్న ముక్కలుగ టీఎస్ఎంసీల చేయించి, మిగతాది పాత 12 మీద ఉంచింది. కొత్త ప్రాసెస్‌ల చదరపు సెంటీమీటరుకు సగటున 0.5 లోపం, ఒక్క లోపం పడ్డా ఆ ముక్క చెడినట్టే అనుకో. ఆ చిన్న ముక్కలు వందకు 69 మంచివి వస్తయి, 6 చదరపు సెంటీమీటర్ల చిప్పులైతే వందకు 5.

పేర్ల మోసం అందరిదీ. ఇంటెల్ 2021ల మెరుగుపరిచిన 10కే "ఇంటెల్ 7" అని పేరు మార్చింది. ఇయ్యాల 3 అంటున్నదాంట్ల కూడా తీగల దూరం 20 పైనే.

ఇగ నీ లాప్‌టాప్. "10వ జనరేషన్" స్టిక్కర్ కింద రెండు రకాలున్నయి: ఐ5-10210యూ 14 నానోమీటర్లది, 4.2 గిగాహెర్ట్జ్ దాకా పోతది. ఐ5-1035జీ1 10ది, 3.6 కాడనే ఆగుతది, గ్రాఫిక్స్ మాత్రం దీనిదే మేలు. పేరుల జీ ఉంటే 10. ఏఎండీ రైజెన్ 5 3500యూ 12ది, 4500యూ 7ది. 7000 సిరీస్ లాప్‌టాప్ రైజెన్లల మూడో అంకె చూడు: 7520యూల 2 అంటే 2019 నాటి జెన్ 2 కోర్లే.

షాపులనే ఏసీ బందు చేయించి, అన్ని కోర్ల మీద ఇరవై నిమిషాలు లోడ్ పెట్టు. 10210యూ 1.6 గిగాహెర్ట్జ్ కిందికి, 1035జీ1 1.0 కిందికి జారితే ఫ్యాన్ల దుమ్ము నిండిందో, చిప్పు వేడిని బయటికి పంపే పేస్ట్ ఎండిందో చూడాలె. అది బాగుచేసిస్తెనే బేరం ఆడు.