పంచదార మానేశాక నీరసం, రాత్రిళ్లు తీపి యావ.. ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 41. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. బరువు కాస్త ఎక్కువే. నెల కిందట చేయించుకున్న పరీక్షల్లో పరగడుపున షుగర్ 109, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 5.9 వచ్చాయి. మా అమ్మకు షుగర్ ఉంది. ఆ భయంతో పన్నెండు రోజుల కిందట పంచదార పూర్తిగా మానేశాను. పంచదార లేకుండా తాగలేక, రోజుకు నాలుగుసార్లు తాగే కాఫీ కూడా వదిలేశాను. పొద్దున టిఫిన్ బదులు పెద్ద గ్లాసుడు పండ్ల రసం, మధ్యాహ్నం పచ్చి కూరగాయ ముక్కలు మాత్రమే తీసుకుంటున్నాను. మొదటి వారమంతా తలనొప్పితో నరకం చూశాను. అది తగ్గింది గానీ, సాయంత్రం నాలుగయ్యేసరికి చేతులు వణుకుతున్నాయి, ఒళ్లు తూలుతోంది. రాత్రి అందరూ పడుకున్నాక బిస్కెట్ల డబ్బా తీసి నిలబడే తినేస్తున్నాను. తర్వాత ఏడుపొస్తోంది. మందులేమీ వాడటం లేదు. నా ఒంటికి పంచదార లేకపోతే శక్తి రాదా?
— ఓ పాఠకురాలు

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. పంచదార లేకపోయినా ఒంటికి శక్తి వస్తుంది, నిక్షేపంగా వస్తుంది. అయితే మీరు పంచదార ఒక్కటే మానలేదమ్మా. కాఫీ మానేశారు, టిఫిన్ మానేశారు, మధ్యాహ్నం భోజనం అనదగ్గదీ మానేశారు. అన్నీ ఒకే రోజు. ఆ పైన వచ్చిన ప్రతి బాధకూ పంచదార లేకపోవడమే కారణమని అనుకుంటున్నారు. ఒక్కొక్కటీ విడదీసి చూస్తే సంగతి తేలిపోతుంది.

తలనొప్పి దగ్గర మొదలుపెడదాం. రోజుకు నాలుగు కప్పుల కాఫీ తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే 12 నుంచి 24 గంటల్లో తల పట్టేస్తుంది. ఒకటి రెండు రోజుల్లో బాగా ముదురుతుంది. మత్తుగా ఉండటం, చిరాకు, ఏ పని మీదా మనసు నిలవకపోవడం దాని వెంటే వస్తాయి. మొత్తం మీద రెండు నుంచి తొమ్మిది రోజుల్లో సర్దుకుంటుంది. కెఫీన్‌కు అలవాటు పడ్డ మెదడు అది అందక చేసే గొడవ ఇది. మీకు వారానికి తగ్గిందని రాశారు కదా, లెక్క సరిగ్గా కుదిరింది. కాబట్టి ఆ వారం మీరు పడ్డ బాధలో పెద్ద వాటా కాఫీది. కాఫీ మీకు ఇష్టమైతే మళ్లీ మొదలుపెట్టండి, తప్పేం లేదు. రెండు కప్పులకు మించకుండా, మధ్యాహ్నం దాటాక తాగకుండా చూసుకోండి. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం తాగిన కప్పు రాత్రి నిద్రను తినేస్తుంది.

ఇక శక్తి మాట. ఎవరి రక్తం పరీక్షించినా అందులో గ్లూకోజు ఉంటుంది, జన్మలో పంచదార ముట్టని వాళ్లకైనా సరే. ఒంట్లో రక్తమంతా కలిపి చూసినా ఒక్కో సమయంలో అందులో ఉండేది ఇంచుమించు ఒక టీస్పూను గ్లూకోజు. శరీరం దాన్ని ఆ స్థాయి నుంచి పెద్దగా తప్పకుండా ఇరవై నాలుగు గంటలూ కాపలా కాస్తుంది. మెదడు ఒక్కటే రోజుకు సుమారు 120 గ్రాములు వాడుకుంటుంది. అదంతా ధాన్యాల నుంచి, పప్పుల నుంచి, పండ్ల నుంచి, పాల నుంచి వస్తుంది. తినకుండా ఉన్న గంటల్లో కాలేయం తన దగ్గర దాచిన నిల్వ తీసి ఇస్తుంది, అదీ చాలకపోతే కొత్తగా తయారు చేసి ఇస్తుంది. పంచదార డబ్బా ఈ లెక్కలో ఎక్కడా లేదు. కానీ తిండి ఉంది. మీరు తిండే తగ్గించేశారు.

పొద్దున తాగుతున్న రసం గురించి చెబితే మీరు బాధపడతారని తెలుసు, అయినా చెప్పక తప్పదు. 250 మిల్లీలీటర్ల నారింజ రసంలో, ఒక్క చెంచా పంచదార వేయకపోయినా, 20 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. అంటే ఐదు టీస్పూన్లు. పండు తింటే పీచుతో కలిసి మెల్లగా లోపలికి వెళ్లేది, రసం తీస్తే ఒక్క గుక్కలో వెళ్లిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పండ్ల రసంలోని చక్కెరను, తేనెను కూడా మనం విడిగా కలుపుకునే పంచదారతోనే జమకట్టింది. అవన్నీ కలిపి రోజు మొత్తం కేలరీల్లో పది శాతం లోపు ఉండాలని, ఐదు శాతం లోపుంటే ఇంకా మంచిదని చెప్పింది. 2,000 కేలరీలు తినే మనిషికి ఐదు శాతమంటే 25 గ్రాములు, ఆరు టీస్పూన్లు. ఐదు టీస్పూన్లు మీ గ్లాసులోనే అయిపోయాయి. పంచదార మానేశానని మీరనుకుంటున్నారు గానీ, పరగడుపునే తాగేస్తున్నారు.

దీన్నిబట్టి సాయంత్రం నాలుగు గంటల వణుకు కూడా అర్థమవుతుంది. పొద్దున ఖాళీ కడుపున తియ్యటి రసం, షుగర్ గబగబా పైకెళ్లి అంతే వేగంగా దిగింది. మధ్యాహ్నం ముక్కలు తిన్నారు. అవి మంచివే, కానీ వాటిలో నీళ్లూ పీచూ తప్ప నాలుగు గంటలు నిలబెట్టే సరుకు తక్కువ. నాలుగయ్యేసరికి మీకు వచ్చింది ఆకలి. మనమే సంవత్సరాల తరబడి ఆకలికి తీపి రుచి చూపించాం కాబట్టి, ఆకలి తీపి వేషంలో వస్తుంది. వణుకు వచ్చినప్పుడు ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ఒకటి రెండుసార్లు వేలు గుచ్చి చూడండి. మందులు వాడని మనిషికి షుగర్ నిజంగా పడిపోవడం అరుదు, చాలామందికి 70 పైనే కనిపిస్తుంది. 70 కంటే తక్కువ వస్తే ఆ అంకె, సమయం రాసి పెట్టుకుని డాక్టరుకు చూపించండి. దానికి కారణం వెతకాల్సిందే.

రేపటి నుంచి మీరు చేయాల్సిన మొదటి పని, తినడం. పొద్దున కడుపు నింపే టిఫిన్ తినండి. అందులో మాంసకృత్తులు తప్పకుండా ఉండాలి. గుడ్డో, పప్పుధాన్యమో, పెరుగో, మీ అలవాటును బట్టి ఏదైనా సరే. రసం బదులు అదే పండు కోసుకుని తినండి. మధ్యాహ్నం మీ కూరగాయ ముక్కలు పళ్లెంలో సగం ఉండనివ్వండి, మిగతా సగంలో పప్పో గుడ్డో చేపో కొంత, ముడి ధాన్యం కొంత పెట్టుకోండి. మూడున్నరకు, అంటే వణుకు మొదలవకముందే, గుప్పెడు పల్లీలో బాదం గింజలో నమలండి. ముందే అని ఎందుకంటున్నానంటే, ఒళ్లు తూలడం మొదలయ్యాక ఎవరూ బుద్ధిగా ఆలోచించి తినరు. నేనూ తినను.

రాత్రి బిస్కెట్ల గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి. నిలబడే తినేస్తున్నానని మీరు రాసిన ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. దీపం కూడా వేయకుండా, చప్పుడు కాకుండా మూత తీసి, రుచి తెలియకుండా ఆరేడు మింగేసి, పొద్దున ఎవరికీ తెలియకుండా డబ్బా సర్ది పెట్టే మనుషులను నా గదిలో చాలామందిని చూశాను. అందరూ మనోబలం లేదని తమను తామే తిట్టుకుంటారు. పగలంతా పస్తు పెట్టిన ఒళ్లు రాత్రి బాకీ వసూలు చేసుకుంటుంది, మనోబలానికి దాంతో పని లేదు. దానికి తోడు నిద్ర సరిపోకపోతే ఆకలి పెంచే హార్మోన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే హార్మోన్ తగ్గుతుంది. పైగా ఇక జన్మలో తినకూడదు అనుకున్న వస్తువు మీదే మనసు గద్దలా తిరుగుతుంది.

అందుకే మీకు నేను జీవితాంతం నిషేధం రాయడం లేదు. తినాలనిపిస్తే రెండు బిస్కెట్లు పళ్లెంలో పెట్టుకుని, కూర్చుని, దీపం వెలుగులో, భోజనం అయిన వెంటనే తినండి. డబ్బా మాత్రం చేతికి అందే చోట ఉంచొద్దు. అలా వారానికి రెండుసార్లు తిన్నా మీ రిపోర్టు పాడైపోదు. ఒక రాత్రి అదుపు తప్పినా మర్నాడు పస్తుండి శిక్ష వేసుకోకండి, మామూలుగా టిఫిన్ తినండి. శిక్ష వేసుకున్న రోజు రాత్రే మళ్లీ డబ్బా మూత లేస్తుంది. వారంలో ఎక్కువ రాత్రులు ఇలాగే జరుగుతూ, తిన్నాక విపరీతమైన అపరాధభావం వేధిస్తుంటే, లేదా వాంతి చేసుకోవాలనిపిస్తే, మానసిక వైద్యులను కలవండి. దానికి మంచి చికిత్స ఉంది, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

యావ వచ్చిన ఆ క్షణంలో ఏం చేయాలంటారా? అది అలలా వస్తుంది. లేస్తున్నప్పుడు ఇక తగ్గదేమో అనిపిస్తుంది, కానీ చాలామందికి పది, పదిహేను నిమిషాల్లో విరిగిపోతుంది. ఆ కాసేపు కూర్చున్న చోటు మారండి. గ్లాసుడు నీళ్లు తాగండి, పళ్లు తోముకోండి, అటూ ఇటూ నడవండి. భోజనం తర్వాత పది నిమిషాల నడకకు ఇంకో లాభం ఉంది. పనిచేసే కండరాలు రక్తంలోని గ్లూకోజును లాక్కుంటాయి, తిన్నాక పెరిగే షుగర్ అంతగా పెరగదు. రాత్రి భోజనం కాగానే నడవడం మీకు రెండిందాలా ఉపయోగం.

తీపి కాఫీ తాగే నాలుక చేదు కాఫీకి ఒక్క రోజులో మారదు. ఇది నా సొంత అనుభవం. చదువుకునే రోజుల్లో రాత్రి డ్యూటీల్లో కప్పుకు మూడు చెంచాలు వేసుకునేదాన్ని. ఒకేసారి మానాలని రెండుసార్లు ప్రయత్నించి ఓడిపోయాను. తర్వాత వారానికి పావు చెంచా చొప్పున తగ్గించుకుంటూ వచ్చాను. మూడు చెంచాలూ పోవడానికి మూడు నెలలు పట్టింది. ఆ తర్వాత ఒకరోజు ఎవరో పొరపాటున పాత కొలతతో కలిపిచ్చిన కాఫీ ఒక్క గుక్క తాగి పక్కన పెట్టేశాను, అంత వెగటుగా అనిపించింది. మీరూ చెంచాన్నర దగ్గర మొదలుపెట్టి, ప్రతి వారం పావు చెంచా తగ్గించండి. పంచదార బదులు తేనె, బెల్లం వేసుకుంటే పర్వాలేదా అని చాలామంది అడుగుతారు. ఒంట్లోకి వెళ్లాక అవీ చక్కెరే. కృత్రిమ తీపి మాత్రల సంగతి కూడా చెబుతాను: బరువు తగ్గడానికి వాటిని వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. వాటితోనూ నాలుక తీపికి అలవాటు పడే ఉంటుంది, మనకు కావలసింది ఆ అలవాటు తగ్గడం.

కొనే ప్యాకెట్ల మీద మాత్రం ఓ కన్నేసి ఉంచండి. షుగర్ అన్న మాట కనిపించకపోయినా గ్లూకోజ్ సిరప్, డెక్స్‌ట్రోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్, ఇన్వర్ట్ సిరప్ అని ఉంటే అదీ ఆ కుటుంబమే.

మీ అంకెల గురించి భయపడ్డారు కాబట్టి చెబుతున్నాను. పరగడుపున 100 నుంచి 125, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 ఉంటే దాన్ని ప్రీడయాబెటిస్ అంటాం. షుగర్ జబ్బు గడప దాకా వచ్చారు, లోపలికి అడుగు పెట్టలేదు. వెనక్కి మళ్లే దారి బాగా తెలిసిందే. అమెరికాలో మూడు వేల మందికి పైగా ఇలాంటి వాళ్లతో జరిగిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో ఏడు శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడక లాంటి వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్న వాళ్లలో, సుమారు మూడేళ్లలో షుగర్ జబ్బు వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. ఆ మనుషులు పస్తులుండలేదు. రోజూ తిన్నారు, కొంచెం తగ్గించి తిన్నారు, నడిచారు.

మళ్లీ సరిగా తినడం మొదలుపెట్టిన రెండు మూడు వారాలకూ నీరసం వదలకపోతే దాన్ని తిండి మీదకు తోసేసి ఊరుకోవద్దు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించండి. మీ వయసు స్త్రీలలో నెలసరిలో ఎక్కువ రక్తం పోయి ఐరన్ తగ్గడం తరచూ చూస్తుంటాం. రాత్రి గురక పెడుతున్నారని ఇంట్లో వాళ్లు అంటే అదీ డాక్టరుతో చెప్పండి. అతిగా దాహం, పదే పదే మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే మాత్రం ఆగకుండా వెంటనే పరీక్ష చేయించుకోవాలి.

మీ ఉత్తరం చదివే మిగతా వాళ్లకు ఒక ముఖ్యమైన మాట. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా తిండి ఉన్నట్టుండి తగ్గించకూడదు. షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. వాళ్లకు 70 కంటే తగ్గి చెమటలు, వణుకు వస్తే పంచదారే మందు. 15 గ్రాములు, అంటే నాలుగు టీస్పూన్లు నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించుకోవాలి. స్పృహలో లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, అంబులెన్స్ పిలవండి. గర్భిణులు కూడా సొంతంగా ఇలాంటి పథ్యాలు పెట్టుకోవద్దు.

మీకు తర్వాతి హెచ్‌బీఏ1సీ మూడు నెలలకు చేయిస్తే చాలు, అంతకు ముందు చేయించినా మార్పు సరిగా తెలియదు. ఈలోగా ఒక చిన్న పుస్తకంలో రోజూ రెండే విషయాలు రాయండి: మధ్యాహ్నం ఏం తిన్నారు, సాయంత్రం నాలుగింటికి ఎలా ఉన్నారు. డాక్టరు దగ్గరకు రిపోర్టుతో పాటు ఆ పుస్తకం కూడా తీసుకెళ్లండి.