కంప్యూటర్స్ చదివి భాంగ్రా పోటీలు నడుపుతానంటోంది!

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఎఫ్-1 వీసా మీద కంప్యూటర్ సైన్స్ డిగ్రీ మూడో ఏడు చదువుతోంది. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకునేది, టెన్త్‌లో మాన్పించాం. అక్కడ కాలేజీ భాంగ్రా టీమ్‌లో చేరింది. ఇప్పుడు పోటీల నిర్వహణ కమిటీలో ఉంది. డిగ్రీ అయ్యాక ఈవెంట్ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్ చేస్తుందట. బంధువులకు ఏం చెప్పాలో తెలియట్లేదు. ఉద్యోగం మంచిదా, ఆ కోర్సు మంచిదా?
- ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు బంధువుల సంగతి. మీ అమ్మాయి చదువు మానేసి చిందులేయడం లేదు. జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ విద్యార్థులు 90ల్లో మొదలుపెట్టిన భాంగ్రా బ్లోఅవుట్ లాంటి పోటీ జరగాలంటే ఆడిటోరియం అద్దె, సౌండ్, లైట్లు, బీమా, జడ్జీల ప్రయాణ ఖర్చులు చూసుకోవాలి. దానికి స్పాన్సర్లను పట్టుకోవాలి, టికెట్లు అమ్మాలి. వేరే ఊళ్ల నుంచి వచ్చే టీములను కనిపెట్టుకుని ఉండటానికి ఒక్కొక్క దానికి ఓ లైజన్ కావాలి. టీములన్నీ కలుసుకునేందుకు మిక్సర్ పార్టీ పెట్టాలి. ఓడినవాళ్లకూ జడ్జీలు ఏమన్నారో చెప్పాలి. అది ఎగ్గొడితే వచ్చే ఏడు ఆ టీమ్ మళ్లీ రాదు. ఇరవై ఏళ్ల పిల్ల ఇంత నెత్తినేసుకుందంటే మీరు భయపడాల్సిన పనేమీ లేదు.

ఆ మాస్టర్స్ మీద మాత్రం నాకు నమ్మకం లేదు. ఈ మధ్య ఎవర్ని కదిలించినా ఈవెంట్ మేనేజ్‌మెంటే. ఈ రంగంలో పనిచ్చేవాళ్లు సర్టిఫికెట్ కన్నా ముందు అడిగేది, ఇదివరకు ఏం నడిపావని. అది ఆమె దగ్గర ఇప్పటికే ఉంది. పైగా కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి ఏడాది ఓపీటీ (చదువయ్యాక ఆ రంగంలోనే అక్కడ పనిచేసుకునే అనుమతి) తర్వాత 24 నెలల పొడిగింపు దొరుకుతుంది. ఆ పొడిగింపు స్టెమ్, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల చదువులకే. ఈవెంట్ మేనేజ్‌మెంట్ మామూలుగా దాని కిందికి రాదు, 12 నెలలతో సరి. ఆలోపు వీసా స్పాన్సర్ చేసే ఈవెంట్ కంపెనీ దొరకడం కష్టం. అప్పు చేసి మాత్రం ఆ కోర్సులో చేర్చకండి. కాలేజీ భాంగ్రా పోటీలను నమ్ముకుని బతకడమూ కుదరదు, నడిపేవాళ్లు దాదాపు అందరూ వాలంటీర్లే.

ఉద్యోగంలో చేరమనండి. పాత సభ్యులు జడ్జీలుగా, కొత్త కమిటీలకు పెద్దదిక్కుగా తిరిగి రావడం అక్కడ మామూలే. వీసా మీద ఉన్నంతకాలం దానికి డబ్బు తీసుకోకుండా ఉంటే చాలు.

ఒక మాట అంటాను, ఏమనుకోకండి. కాళ్లకు గజ్జెలు కట్టించిందీ మీరే, మార్కుల కోసం విప్పించిందీ మీరే. అక్కడ ఢోల్ మోగితే ఆ పిల్ల ఆగలేకపోయింది. ఇన్నాళ్లలో ఆమె పోటీ వీడియో ఒక్కటైనా చూశారా? ఈసారి ఫోన్ చేసినప్పుడు జీపీఏ పక్కనపెట్టి, స్పాన్సర్లను ఎలా ఒప్పించిందో అడగండి. ఆ చెప్పేదే రెజ్యూమేలోనూ రాయమనండి.