పెదవి పొక్కులకి నొప్పి మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఒంగోలు. బెంగళూరులో ఉద్యోగం, మారతహళ్లిలో పీజీలో ఉంటాను. ఏడాదికి మూడు నాలుగు సార్లు కింది పెదవి మీద ఒకే చోట నీటి పొక్కులు లేస్తాయి, ప్రాజెక్ట్ రిలీజ్ వారంలో అయితే తప్పకుండా వస్తాయి. డాక్టరుకి చూపిస్తే హెర్పిస్ సింప్లెక్స్ అన్నారు. అమ్మేమో ఒంట్లో వేడి, సబ్జా నీళ్లు తాగమంటుంది. నొప్పి మాత్రలు ఈ వైరస్‌ని ఆపుతాయట, రోజూ ఒకటి వేసుకోమని రూమ్మేట్ అంటున్నాడు. వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. అలాగని మీ రూమ్మేట్ గాలి కబురు చెప్పాడనీ అనను, విన్నదాంట్లో సగం చెప్పాడు. ఈ వైరస్ ఒకసారి ఒంట్లో చేరితే పోదు, పొక్కు మానాక ముఖానికి వెళ్లే నరం మొదట్లో పడుకుని ఉంటుంది. జ్వరమో, ఎండో, నిద్ర లేకపోవడమో, టెన్షనో తగిలితే లేచి ఆ నరం వెంటే కిందికి దిగుతుంది కాబట్టి మీకు అదే చోట వస్తోంది. జ్వరం, వాపు ఉన్నప్పుడు ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పెరుగుతాయి, వైరస్ లేవడానికి ఇవీ తోడవుతాయని అనుమానం, నొప్పి మాత్రలు తగ్గించేది వాటినే. అమెరికాలో లూసియానా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు వైరస్ దాగి ఉన్న ఎలుకలకి ఒళ్లు వేడెక్కించి చూశారు (అమ్మగారికి చెప్పండి, సంతోషిస్తారు). సెలెకాక్సిబ్ అనే నొప్పి మందు ఇచ్చిన ఎలుకల్లో వైరస్ లేవడం తగ్గిందని 2005లో రాశారు. తగ్గింది, అంతే, వైరస్ చావలేదు. పైగా అది ఎలుకల్లో. ఫామ్‌సైక్లోవిర్ అనే హెర్పిస్ మందుతో సెలెకాక్సిబ్ కలిపిన మందునొకదాన్ని మనుషుల మీదా పరీక్షించారు గానీ అది ఫైబ్రోమయాల్జియా అనే ఒళ్లునొప్పుల జబ్బుకి, అదీ 2022లో అనుకున్న ఫలితం ఇవ్వలేదు.

పొక్కు నొప్పికి ఒకటి రెండు రోజులు పారాసెటమాల్ చాలు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి రోజూ మింగితే కడుపులో పుండు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. వానాకాలం బెంగళూరులో జ్వరం వస్తే అది డెంగీ కాదని తేలేదాకా వాటి జోలికే పోకండి, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

ఈ వైరస్ మీద నేరుగా పనిచేసేవి అసైక్లోవిర్, వాలాసైక్లోవిర్. పొక్కు లేచి పగిలాక మొదలుపెడితే పెద్ద ఉపయోగం ఉండదు, పెదవి చిమచిమలాడుతున్నప్పుడే పడాలి. మీకు వచ్చే చోటు తెలుసు, వచ్చే వారమూ తెలుసు, కాబట్టి మీ డాక్టరుని అడిగి చీటీ ముందే రాయించుకుని మాత్రలు బ్యాగులో పెట్టుకోండి. ఈ వైరస్ కంటికీ రావొచ్చు, ఎప్పుడైనా కన్ను ఎర్రబడి నొప్పి పెడితే మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకోకుండా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. పొక్కు ఉన్నన్ని రోజులు పసిపిల్లల్ని ముద్దు పెట్టుకోకండి, నెల లోపు బిడ్డకి ఇది సోకితే ప్రాణం మీదికి వస్తుంది.

సబ్జా నీళ్లు తాగండి, నష్టమేం లేదు.