ప్రైమరీలో ఓడిన అభ్యర్థి మద్దతుదారులు చివరికి సొంత పార్టీకే ఓటేస్తారా?

అమెరికాలో ప్రైమరీ, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక, ఎంత ఘాటుగా సాగినా, ఓడిన అభ్యర్థి మద్దతుదారుల్లో ఎక్కువమంది నవంబర్‌లో జరిగే అసలు ఎన్నికలో సొంత పార్టీకే ఓటేస్తారు. ప్రైమరీ ఇంటి గొడవ లాంటిది. విధానాల్లో తేడా తక్కువ కాబట్టి పోట్లాట మనుషుల మీదికి మళ్లుతుంది. నవంబర్‌కి ఎదురుగా నిలబడేది అవతలి పార్టీ. అప్పుడు పన్నులు, అబార్షన్, సుప్రీంకోర్టు జడ్జీల నియామకం ముందుకొస్తాయి.

2008నే చూడండి. డెమొక్రటిక్ పార్టీ ప్రైమరీలో హిల్లరీ క్లింటన్, ఒబామా పోటీపడ్డారు. మార్చిలో గాలప్ సర్వేలో హిల్లరీ క్లింటన్ మద్దతుదారుల్లో 28 శాతం మంది, ఒబామా అభ్యర్థి అయితే రిపబ్లికన్ మెకెయిన్‌కి వేస్తామన్నారు. జూన్ 7న హిల్లరీ తప్పుకుని ఒబామాకు మద్దతు ప్రకటించారు. ఆగస్టులో డెన్వర్‌లో, అభ్యర్థిని అధికారికంగా ఖరారు చేసే పార్టీ మహాసభలో రాష్ట్రాలవారీగా ఓట్లు చెబుతున్నారు. న్యూయార్క్ వంతు రాగానే ఆమే, లెక్క ఆపి ఒబామాను అందరి ఆమోదంతో అభ్యర్థిగా ప్రకటిద్దామని ప్రతిపాదించారు. ఓడిన మనిషి నిండు సభలో ఆ మాట అనడం చిన్న విషయం కాదు. నవంబర్ ఎగ్జిట్ పోల్స్‌లో డెమొక్రాట్లలో 89 శాతం ఒబామాకే వేశారు.

చాలామంది పొరపడేది ఇక్కడే: ప్రైమరీ వేడిలో సర్వేకి చెప్పిన కోపాన్ని నవంబర్ ఓటుగా లెక్కేస్తారు. అలాగని అందరూ తిరిగొస్తారనీ కాదు. కొన్ని రాష్ట్రాల్లో పార్టీ సభ్యులు కానివాళ్లు కూడా ప్రైమరీలో ఓటేయొచ్చు. అలాంటివాళ్లలో కొందరు మొదటినుంచీ ఆ పార్టీవాళ్లే కారు.