అకిలీస్ టెండన్ తెగిన క్రీడాకారులు మళ్లీ ఆడటానికి ఎంతకాలం పడుతుంది?

అకిలీస్ టెండన్ పూర్తిగా తెగితే మళ్లీ పోటీల్లోకి రావడానికి సాధారణంగా 9 నుంచి 12 నెలలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువే. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే ఈ తాడులాంటి కణజాలానికి రక్తసరఫరా తక్కువ, అందుకే మెల్లగా అతుక్కుంటుంది. అతుక్కున్నాక కూడా అసలు కష్టం మిగిలే ఉంటుంది. వారాల తరబడి కదలిక లేక పిక్క సన్నబడిపోతుంది, ఆ బలం తిరిగి రావడానికి నెలలు కావాలి. బాస్కెట్‌బాల్ ఆటగాడు కెవిన్ డ్యురాంట్‌కు 2019 జూన్‌లో ఇది తెగింది. మళ్లీ ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) మ్యాచ్ ఆడింది 2020 డిసెంబర్‌లోనే.

నొప్పి పోతే నయమైనట్టే అని చాలామంది అనుకుంటారు. ఇది నిజంగా ప్రమాదకరమైన పొరపాటు. నొప్పి ముందే తగ్గిపోతుంది, బలం చాలా ఆలస్యంగా వస్తుంది. గాయమైన కాలి మునివేళ్ల మీద పదేపదే లేవలేని దశలోనే పరుగులు, గెంతులు మొదలుపెడితే మళ్లీ తెగే ముప్పు ఉంది.