స్లో పిచ్ సాఫ్ట్‌బాల్‌లో పలక వెనుక నుంచి పిచ్ వేస్తే లాభం ఉంటుందా?

గుంటూరులో మీ మిత్రులందరూ కలిసి కొత్తగా స్లో పిచ్ (బంతిని నిదానంగా, ఎత్తుగా లేచేలా వేసే సాఫ్ట్‌బాల్) ఆడటం మొదలుపెట్టారనీ, మీరు వేసే ప్రతి బంతినీ అవతలివాళ్ళు అలవోకగా బాదేస్తున్నారనీ, పిచింగ్ పలకకు, అంటే బంతి వేసేవాడు నిలబడే పలకకు, నాలుగైదు అడుగులు వెనక్కి జరిగి వేస్తే ఫలితం ఉంటుందా అనీ అడిగారు. ఫలితం ఉంటుంది. కానీ ఊరికే వెనక్కి జరిగితే ఉండదు. ఈ సంగతి అర్థం కావడానికి నాకు దాదాపు రెండేళ్ళు పట్టింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను కాలేజీ రోజుల్లో గుంటూరులోనే, బంతిని వేగంగా విసిరే ఫాస్ట్ పిచ్ ఆడాను. తరువాత ఉద్యోగరీత్యా నాలుగేళ్ళు అమెరికాలో ఉన్నప్పుడు ఆఫీసువాళ్ళతో కలిసి స్లో పిచ్ నేర్చుకున్నాను. తిరిగి వచ్చాక ప్రతి ఆదివారం ఉదయం, ఎండ ముదరకముందే, పదిహేను ఇరవై మందిమి కలిసి ఆడుకుంటున్నాము. పిచింగ్ పలకకూ, బ్యాటర్ దగ్గర ఉండే ప్లేట్‌కూ మధ్య ఫాస్ట్ పిచ్‌లో మగవాళ్ళకు 46 అడుగులు, ఆడవాళ్ళకు 43 అడుగుల దూరం ఉంటే, స్లో పిచ్‌లో సాధారణంగా 50 అడుగులు, అంటే 15.24 మీటర్లు ఉంటుంది. బంతి నేల నుంచి కనీసం 6 అడుగులు పైకి లేవాలి, 12 అడుగులు దాటకూడదు అనే నియమం చాలాచోట్ల వాడుకలో ఉంది. పిచర్ కాలు పలకను తాకి ఉండగానే బంతి వదలాలని కొన్ని నియమావళులు చెబుతాయి. మరికొన్నిటిలో పలక వెనుక 6 అడుగుల పొడవున ఒక గడి గీసి, అందులో ఎక్కడ నిలబడి అయినా వేయనిస్తారు. మీరు అడిగిన ఎత్తుగడ ఈ రెండో పద్ధతిలోనే చెల్లుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వెనక్కి జరిగితే బ్యాటర్‌కు ఎక్కువ సమయం దొరుకుతుందని కొందరు, తక్కువ దొరుకుతుందని కొందరు వాదిస్తారు. రెండూ నిజం కాదు. బంతి గాలిలో ఎంతసేపు ఉంటుందో నిర్ణయించేది అది లేచిన ఎత్తే గాని మీరు నిలబడిన దూరం కాదు. నడుము కింద నుంచి, సుమారు 3 అడుగుల ఎత్తులో వదిలిన బంతి 12 అడుగుల వరకు లేచి మళ్ళీ అదే ఎత్తుకు దిగడానికి దాదాపు ఒకటిన్నర సెకన్లు పడుతుంది. 50 అడుగుల నుంచి వేసినా అంతే, 56 అడుగుల నుంచి వేసినా అంతే. మారేది బంతి ముందుకు సాగే వేగమూ, ప్లేట్ మీదికి దిగే వాలూ మాత్రమే. 50 అడుగుల నుంచి దాదాపు 36 డిగ్రీల వాలుతో దిగేది, 56 అడుగుల నుంచి 33 డిగ్రీలతో దిగుతుంది. మూడు డిగ్రీల తేడాకు మోసపోయే బ్యాటర్ ఆ రోజు ఎలా వేసినా మోసపోతాడు.

అందువల్ల దూరంతోపాటు ఎత్తు కూడా మార్చాలి. ముందు నిలబడినప్పుడు 12 అడుగులకు దగ్గరగా ఎత్తి వేయండి. గడి చివర నిలబడినప్పుడు 8 అడుగులకు మించకుండా వేయండి. ఈ రెండో బంతి గాలిలో ఉండేది ఒక సెకను కన్నా కొద్దిగా ఎక్కువ, దిగే వాలు దాదాపు 20 డిగ్రీలు. ఇంకా కిందుగా, 6 అడుగుల ఎత్తుతో వెనుక నుంచి వేయాలంటే చేయి గట్టిగా విసరాలి కాబట్టి, వేగం మితిమీరిందని అంపైర్ అభ్యంతరం చెప్పే అవకాశం ఉంది.

మా జట్టులో ఎడమచేతి వాటం మిత్రుడొకడు ఉన్నాడు. అతని ముందుకాలి మడమను గమనించడం అలవాటు చేసుకున్నాను. బంతి శిఖరానికి చేరి దిగడం మొదలుపెట్టగానే ఆ మడమ నేల నుంచి లేస్తుంది, కాలు ముందుకు పడుతుంది, బ్యాటు తిరుగుతుంది. అతనికి వరుసగా రెండు ఎత్తు బంతులు ముందు నుంచి వేసి, మూడోది ఐదడుగులు వెనక్కి నడిచి తక్కువ ఎత్తుతో వేశాను. మడమ లేచేసరికే బంతి ప్లేట్ దగ్గరికి వచ్చేసింది. ఆలస్యంగా తిరిగిన బ్యాటు పై అంచుకు తగిలి బంతి మూడో బేస్ వెనుక గాలిలోకి లేచింది. నేను వెనక్కి నడవడం అతను చూడలేదా అంటే చూశాడు. దూరం నుంచి వస్తోంది కాబట్టి నిదానంగా వస్తుందని అనుకున్నానని తరువాత అతనే చెప్పాడు. వెనుక నుంచి వేయడంలో ఉన్న నిజమైన లాభం ఆ పొరపాటు అంచనాయే. అదే ఎత్తుగడను రెండు ఆదివారాలు వరుసగా వాడితే మాత్రం మూడో ఆదివారం మీ బంతి ప్రహరీ అవతల వెతుక్కోవలసి వస్తుంది. నాకు వెతుక్కోవలసి వచ్చింది.

ఇదంతా బంతి మీరు అనుకున్న చోట పడుతున్నప్పటి మాట. ఎత్తుగా వేసే బంతి విషయంలో చేతి వేగం నూటికి ఐదు వంతులు అటూ ఇటూ అయితే బంతి పడే చోటు దాదాపు 5 అడుగులు మారిపోతుంది. ప్లేట్ చూస్తే 17 అంగుళాలే. అందుకని మొదటి రెండు నెలలు పలక మీద నుంచే సాధన చేయమని నా సలహా. నేను రెండు వెదురు బొంగులు పాతి, 6 అడుగుల దగ్గర ఒక తాడు, 12 అడుగుల దగ్గర ఒక తాడు కట్టి, ప్లేట్ వెనుక ఒక గోనెసంచి పరిచి రోజుకు యాభై బంతులు వేసేవాడిని. ఆ సంచి మిర్చి యార్డు నుంచి తెచ్చిన పాత టిక్కీది, అంటే మిర్చి బస్తాది. బంతి పడిన ప్రతిసారీ కారం ధూళి లేచి క్యాచర్ తుమ్ములతో సతమతమయ్యేవాడు, ఆ బంతి పట్టిన చేత్తో కళ్ళు తుడుచుకున్న రోజు నాకూ సాధన ఆగిపోయింది. మీరు సిమెంటు సంచి వాడుకోండి.

యాభైలో ముప్పై ఐదు సంచి మీద పడే స్థితి వచ్చాక గడి చివరికి వెళ్ళి, అక్కడ మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టండి. మధ్యలో మూడో చోటు, నాలుగో చోటు అంటూ పెట్టుకోవద్దు, చేయికి రెండు కొలతలు గుర్తుండటమే గగనం. ఎదురుగాలి ఉన్న రోజున ఎత్తు బంతి ముందే పడిపోతుంది కాబట్టి, ఆ రోజు మొదటి రెండు మూడు బంతులు గాలి కోసమే ఖర్చవుతాయి.

ఏ బంతి ఎప్పుడు వేయాలన్నది నా అనుభవంలో దూరం కన్నా ముఖ్యమైనది. మొదటి బంతి ప్లేట్ వెనుక అంచు మీదికి దిగేలా వేస్తే ఎక్కువ మంది వదిలేస్తారు, స్ట్రైక్ (మూడైతే బ్యాటర్ అవుటయ్యే లెక్కలో ఒకటి) ఉచితంగా వస్తుంది. బలంగా తమవైపు లాగి కొట్టేవాళ్ళకు బయటి అంచున లోతుగా వేస్తే బంతి నేలబారుగా పోతుంది. చాలాచోట్ల రెండు స్ట్రైకుల తరువాత ఫౌల్ కొట్టినా, అంటే బంతిని పక్క గీతల బయటికి కొట్టినా, బ్యాటర్ అవుటే కాబట్టి, అప్పుడు మంచి బంతి వేయవలసిన అవసరమే లేదు. వెనుక నుంచి వేసే తక్కువ ఎత్తు బంతిని నేను ఆ సందర్భానికే దాచుకుంటాను.

నేను మొదట వెనక్కి జరిగింది ఎత్తుగడ కోసం కాదు, భయంతో. ఒకసారి నేరుగా వచ్చిన బంతి మోకాలి కింద ఎముకకు తగిలి రెండు వారాలు కుంటుతూ తిరిగాను. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో కొట్టిన బంతి 50 అడుగులు దాటడానికి 0.4 సెకను కూడా పట్టదు. ఆరడుగులు వెనక ఉంటే కలిసివచ్చేది 0.05 సెకను మాత్రమే అయినా, చేతి గ్లవ్ ముఖానికి అడ్డం రావడానికి అది ఒక్కోసారి సరిపోతుంది. బంతి వదిలిన వెంటనే రెండడుగులు వెనక్కి వేయడం, ముఖానికి మాస్కు పెట్టుకోవడం మాత్రం ఎక్కడి నుంచి వేసినా మానవద్దు.

ఆట మొదలుకాకముందే అవతలి కెప్టెన్‌నూ అంపైర్‌నూ పిలిచి, పలక వెనుక ఆరడుగుల గడిని సున్నంతో గీయించండి. మేము మొదట్లో అది చేయకపోవడం వల్ల ఒక ఆదివారం ఆటకన్నా వాదనే ఎక్కువసేపు సాగింది.