చందా పుస్తకం మూసెయ్

ఒరే చిన్నోడా,

తుఫాను వస్తే ముసలీముతకను ముందే షెల్టరుకి చేర్చాలని మన చర్చి యవ్వనస్థులంతా కూడారటగా, మీ నాన్న ఫోన్లో చెప్పాడు. సంతోషించాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమవాణ్ణి. ఆ మాటెత్తితే ఇప్పటికీ చెవుల్లో నీళ్ల హోరే.

ఆధార్, రేషన్ కార్డు, పొలం కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టించు. ఇన్సులిన్ వాడేవాళ్లెవరో, నెలలు నిండినవాళ్లెవరో రాసుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

మందిరంలో మాత్రం ఎవర్నీ ఉంచకు. పైన రేకులు. గాలికి లేచిన రేకు కత్తిలా తిరుగుతుంది. షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో ఇవాళే కనుక్కో.

ఇక నా తప్పు చెబుతా. 1990 మే తుఫానప్పుడు సంఘానికి సెక్రటరీని. ఊరు ఖాళీ చెయ్యమన్నారు, ట్రాక్టరు దొరికింది. నా చేతిలో చందా పుస్తకం. పేర్లు చదువుతూ వీధి వీధీ తిరిగి ఎక్కించాను. ఒక్కరూ తప్పిపోలేదని షెల్టర్లో స్తోత్రం కూడా చెప్పాను.

కాలవ అవతల వలలు అల్లే ముసలమ్మ ఉండేది. మోకాళ్లు పనిచెయ్యవు. మన సంఘం కాదు, పుస్తకంలో పేరు లేదు. మర్నాడు గాలి తగ్గాక వెళ్తే, ఇల్లు లేదు. వలతాడుతో నడుముని కొబ్బరిచెట్టుకి కట్టుకుని కూర్చుంది. ఒళ్లో చీర మూట. "ట్రాక్టరు పోతుంటే చూశానయ్యా. నన్నూ పిలుస్తారని మూట కట్టుకుని అరుగు మీదే కూర్చున్నా" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మూట ముడి తడిసి బిగుసుకుపోయింది. విప్పబోయాను, నా గోరు విరిగింది గానీ అది రాలేదు.

అందుకే కాలవ అవతల నుంచి మొదలుపెట్టు. గుడికెళ్లేవాళ్లు, మసీదుకెళ్లేవాళ్లు, ఎక్కడికీ వెళ్లనివాళ్లు, అందరి గడపా తొక్కు. ఎవర్ని ఎవరు మోస్తారో పేరు పేరునా ఇప్పుడే అనుకోండి. మేకల్ని వదిలి రానంటే వాదించకు, మేకల్తో సహా తీసుకురా. షెల్టర్లో ప్రసంగం మొదలెట్టావో, నేనొచ్చి మైకు లాక్కుంటా. అన్నం పెట్టు, చాలు.

గాలి ఉన్నట్టుండి ఆగితే తలుపు తియ్యనివ్వకు. అది తుఫాను కన్ను. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది. అప్పట్లో మాకిది చెప్పినవాడు లేడు.

అందరూ ఎక్కాకే నువ్వెక్కు అని సంఘపెద్దగా రాయాలి. పెదనాన్నని, రాయలేకపోతున్నాను. చీకటి పడకముందే పని కానివ్వు. ఫోను ఛార్జింగ్ పెట్టుకో.

మీ పెదనాన్న